వైరు పీకేవాళ్ళ పక్షాన

మోటారు శబ్దం తగ్గలేదు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

చిలకలూరిపేట అవతల ఒక జిన్నింగ్ మిల్లులో, దూదిని బేలుగా నొక్కే ప్రెస్సు పక్కన, దాని కంట్రోలు పెట్టెకి కలిపిన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ప్రెస్సు నడిపే ఏసోబు చేతిలో హ్యాండ్‌సెట్ ఉంది. టీవీ రిమోట్ కంటే కాస్త పెద్దది, ఒక వైరు, రెండు బటన్లు. ఒకటి నొక్కితే ఇనప దిమ్మె పైకి వెళ్తుంది, రెండోది నొక్కితే కిందికి దిగి దూదిని అణుస్తుంది. నొక్కి పట్టుకున్నంతసేపే కదలాలి, వదిలితే ఆగాలి. దిమ్మె అడుగున అంటుకున్న దూది రాలడానికి ఏసోబు 'కిందికి' బటన్ మీద చిన్న తట్టు తట్టాడు. బొటనవేలు ఇంకా బటన్ మీద ఉండగానే రెండో చేత్తో వైరు ప్లగ్గు పీకి, హ్యాండ్‌సెట్ మెడలో వేసుకుని, ప్రెస్సు పెట్టె అంచు మీదుగా ఒక కాలు లోపల పెట్టాడు. తర్వాతి బేలుకి అడుగున గుడ్డ పరవాలి.

ప్లగ్గు ఊడింది. మోటారు బరువు దించుకున్నట్టు ఊపిరి వదలాలి. వదల్లేదు. తలెత్తి చూస్తే దిమ్మె నింపాదిగా దిగుతోంది. తల దించి చూస్తే నా తెర మీద 'కిందికి' అన్న చోట ఒకటి అంకె కదలకుండా ఉంది. బటన్ నొక్కి ఉందని దాని అర్థం. నొక్కడానికి అక్కడ వస్తువే లేదు.

లేచిన విసురుకి లాప్‌టాప్ కింద పడింది. ఆ చప్పుడుకి ఏసోబు నన్ను చూసి, నా చూపు వెంట పైకి చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు. కంగారు పడలేదు. మెడలోంచి హ్యాండ్‌సెట్ తీసి మళ్ళీ ప్లగ్గు పెట్టాడు. దిమ్మె ఆగింది.

"ఒక్కోసారి ఇట్టా మొండికేసిద్దమ్మా. మళ్ళీ పెడితే ఊరుకుంటది," అన్నాడు. "నీ పెట్టె పగిలిందేమో చూసుకో."

శాలువా లేని రిటైర్మెంటు

ఇలాంటివి మామూలుగా అరవై దాటినవాళ్ళు రాస్తారు. ఆఫీసులో శాలువా కప్పి, ఫొటో తీసి, కారులో ఇంటి దగ్గర దింపాక, తీరిగ్గా రాస్తారు. నాకు ముప్పై ఆరు. శాలువా లేదు. పిల్లలిద్దరూ పడుకున్నాక, గ్యాస్ కట్టానో లేదో రెండోసారి కూడా చూసుకుని వచ్చి రాస్తున్నాను. మా ఆడపడుచు చూసి, రిటైరైనవాళ్ళు రాసుకునేవి నువ్వు రాస్తున్నావేంటి వదినా అని నవ్వింది. రిటైరయ్యాను కనకే రాస్తున్నానన్నాను.

జీతానికి కంప్యూటరు డ్రైవర్లు రాయడం మానేశాను. మళ్ళీ రాయను. ఇప్పుడు నరసరావుపేట దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. చీరాల మగ్గాల ఇళ్ళ నుంచీ, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచీ వచ్చిన పిల్లలున్నారు నా క్లాసులో. వాళ్ళలో ఒకరిద్దరు తప్పకుండా ఈ పనిలోకి వెళ్తారు. ఇది వాళ్ళ కోసం. ఏ ఏడు ఏ హోదా ఇచ్చారు, ఏ ఫైలు ఎక్కడ ఆగింది, అవన్నీ వదిలేస్తున్నాను. వాటివల్ల ఎవరికీ ఏమీ రాదు.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. పిల్లలతో కుదరక మానేసింది అని మా వీధిలో అనుకుంటున్నారు. కుదిరింది. ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ రెండో చేత్తో కోడ్ దిద్దిన రోజులున్నాయి, ఆ కోడ్ ఇప్పటికీ నడుస్తోంది. నేను మానేసింది వేరే కారణానికి.

రాక, పోక

కంప్యూటరులో అన్నిటికీ అడుగున కెర్నెల్ అనే ప్రోగ్రాము ఉంటుంది. యంత్రం మొత్తం దాని చేతిలో ఉంటుంది. బయటి వస్తువు ఏది తగిలించినా దానితో మాట్లాడటానికి కెర్నెల్లో ఒక భాగం కావాలి. దాన్ని డ్రైవర్ అంటారు. యంత్రం నడుస్తుండగానే తగిలించి, నడుస్తుండగానే పీకేసే వస్తువులకి డ్రైవర్లు రాయడం నా పని.

వస్తువు వచ్చినప్పుడు జరిగే మర్యాద చూడాలి. వియ్యాలవారు దిగినట్టే. నువ్వెవరు, ఏ ఊరు, ఎంత జాగా కావాలి అని కెర్నెల్ అడుగుతుంది. డ్రైవర్ ఎదురెళ్ళి కుర్చీ వేస్తుంది, మెమరీలో చోటు ఇస్తుంది, పేరు రాసుకుంటుంది. ఈ భాగం అందరూ ప్రేమగా రాస్తారు. పేజీలు పేజీలు రాస్తారు.

వస్తువు పోయేటప్పుడు ఎవరికీ చెప్పదు. మాట సగంలో ఉండగా పోతుంది. ఒక ప్రోగ్రాము దాన్ని ఏదో అడిగి జవాబు కోసం చూస్తుండగా పోతుంది. ఆ భాగం మాత్రం అందరూ నాలుగు వరుసల్లో ముగిస్తారు, బస్సు తప్పిపోతుందన్నట్టు. అందుకే ఎవరు రాసిన డ్రైవర్ నా చేతికొచ్చినా చివరి నుంచి చదవడం మొదలుపెట్టేదాన్ని. రాసినవాళ్ళ గుణం అక్కడ బయటపడుతుంది.

పీకినవాళ్ళని తిట్టే డ్రైవర్ రచయితలు చాలామంది ఉన్నారు. వాళ్ళతో ఉద్యోగమంతా గొడవపడ్డాను. నడుస్తుండగా పీకొచ్చు అని మాటిచ్చి అమ్మింది మనం. ఆ మాట నమ్మి పీకినవాడిది తప్పెలా అవుతుంది?

సత్యవతి గారి పరీక్ష

నాకు పని నేర్పింది హైదరాబాదులో నా మొదటి బాస్ సత్యవతి గారు. ఆవిడ పరీక్ష చాలా చిన్నది. మన డ్రైవర్ నడుస్తుండగా వెనకగా వచ్చి నిలబడి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగేది. బాగున్నారండి అనేలోపు వైరు పీకేసేది. తెర మీద అక్షరాల వాన కురిసి యంత్రం చచ్చిపోయేది. ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళి తన సీట్లో కూర్చునేది. మా అందరికీ 'బాగున్నారా' అంటే వణుకు పుట్టేది. ఇంటి దగ్గర అత్తగారు ఫోన్‌లో అడిగినా ఉలిక్కిపడేదాన్ని.

నా యంత్రం ఎందుకు చచ్చిపోతోందో తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. వస్తువు పోయింది కదా అని దానికిచ్చిన జాగా నేను వెంటనే వెనక్కి ఇచ్చేస్తున్నాను. ఇంకో ప్రోగ్రాము అప్పటికీ ఆ జాగాలోంచే చదువుతోంది. లోపల మనిషి స్నానం చేస్తుండగా ఆ గదిని ఇంకొకళ్ళకి అద్దెకిచ్చినట్టు. లోపల ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టుకోవాలి, చివరి మనిషి బయటికొచ్చాకే తాళం వేయాలి. ఇప్పుడు నా విద్యార్థులు దీన్ని పుస్తకంలో చదువుతారు. చదివినవాళ్ళు కూడా మొదటిసారి తప్పే రాస్తారు, ఎందుకంటే బల్ల మీద మెల్లగా, మర్యాదగా పీకి పరీక్షిస్తారు. లోకంలో ఎవరూ అలా పీకరు.

సత్యవతి గారు మంచి మనిషి అని చెప్పను. నేను కడుపుతో ఉన్నానని తెలియగానే నన్నడగకుండా పెద్ద పని నుంచి తప్పించింది. నీ మంచికే అంది. నా మంచి నాకు వదిలేయాల్సింది. కానీ ఆవిడ చెయ్యి చెప్పిన పాఠం ఏ కాలేజీ చెప్పలేదు. ఆ రెండు మాటలూ నిజమే.

కోల్డ్ స్టోరేజీలో ఫోన్ ఛార్జర్

మా అమ్మాయి రేష్మ పుట్టాక గుంటూరు వచ్చేశాం. మా ఆయన ఖాసిం ఇక్కడే మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. జిన్నింగ్ ప్రెస్సులకీ, కోల్డ్ స్టోరేజీలకీ కంట్రోలు పెట్టెలు చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. యజమాని ప్రభాకర్ గారు. మాది దూదేకుల ఇల్లని తెలిసి, మీ తాతల నుంచీ దూది మీ చేతిలోనే ఉంది, ఇక్కడికి కాక ఎక్కడికి పోతావని నవ్వాడు. ఆయన పత్తి యంత్రాల మధ్యే పెరిగిన మనిషి. ప్రెస్సు దగ్గర నిలబడి చెవితో రోగం చెప్పేవాడు. రంజానుకి మా ఇంటికొచ్చి సేమ్యా తిని, డబ్బాలో పెట్టించుకుని వెళ్ళేవాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే ఆయన్ని ఎవరూ రాక్షసుడనుకోకూడదు.

ఒకసారి ఒక కోల్డ్ స్టోరేజీలో కాపలాదారు మా ఉష్ణోగ్రత యంత్రం వైరు పీకి తన ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నాడు. లోపల చలి తగ్గుతున్నా గోడ మీది తెర పాత అంకెనే చూపిస్తూ ఉంది. వస్తువు జవాబివ్వకపోతే చివరి అంకెనే చూపించమని ఎవరో రాశారు. తలుపు దగ్గరి టిక్కీ బస్తాల్లో మిరపకాయ మెత్తబడింది, రంగు దిగింది. రైతు వచ్చి గోల పెట్టాడు. నేను ఆ కోడ్ తీసేసి, జవాబు రాకపోతే అంకె బదులు ఒక గీత చూపించేలా మార్చాను. గీత చూస్తే రైతులు భయపడతారు, ఏదో ఒక అంకె చూపించమని స్టోరేజీ మేనేజరు ఫోన్ మీద ఫోన్. ప్రభాకర్ గారు ఫోన్ తీసుకుని, తెలియనప్పుడు తెలియదనే చెబుతుంది మా యంత్రం, నీకిష్టమైతే ఉంచుకో అన్నాడు. ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

పిల్లలూ, ఈ పనిలో మీరు నేర్చుకోవాల్సింది ఒక్కటే ఉంటే అది ఇదే. జవాబు రాకపోవడమంటే 'ఇంతకు ముందులాగే ఉంది' అని కాదు.

తెలిసి రాసిన తప్పు

చిలకలూరిపేట మిల్లు నుంచి వచ్చి హ్యాండ్‌సెట్ డ్రైవర్ తెరిచాను. అది నేను చేరకముందు రాసింది. నా అలవాటు ప్రకారం చివరి నుంచి చదివాను. వైరు ఊడితే ఏం చేయాలి అన్న చోట, బటన్ల చివరి స్థితి అలాగే ఉంచాలి అని ఉంది. మళ్ళీ ప్లగ్గు పెట్టేదాకా దిమ్మెని నడిపే వాల్వు అదే స్థితిలో ఉంటుంది. అది పొరపాటు కాదు. కావాలని రాసింది.

కారణం వెతికితే దొరికింది. జిన్నింగ్ మిల్లులో గాలి నిండా నూగు. దూది నూగు ప్లగ్గులోకి దూరి వైరు క్షణం పట్టి క్షణం వదిలేది. వదిలినప్పుడల్లా ప్రెస్సు ఆగిపోయేది. మిల్లుల నుంచి ఫిర్యాదులు. ప్లగ్గు మార్చే బదులు డ్రైవర్లో ఈ సర్దుబాటు చేశారు. క్షణం పాటు వైరు వదిలినా ప్రెస్సు ఆగదు. ఫిర్యాదులు ఆగిపోయాయి. అది ప్రభాకర్ గారు అడిగి చేయించుకున్న మార్పు.

ఇప్పుడు మిల్లులో ఏం జరుగుతుందో చూడండి. ఇంతకు ముందు ప్రెస్సుల్లో, ఒకడు లోపల గుడ్డ పరుస్తుంటే ఇంకొకడు బయట బటన్ నొక్కిన సందర్భాలున్నాయి. ఏసోబు మేనమామకి కుడిచేతికి వేళ్ళు లేవు. అందుకని ప్రెస్సు ముఠాలు తమలో తాము ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. పెట్టెలోకి దిగేవాడి మెడలో హ్యాండ్‌సెట్ ఉండాలి. వైరు పీకి మెడలో వేసుకుంటే ఇక బయట ఎవడూ ఏదీ నొక్కలేడు. మెడలో అది లేకుండా ఎవడు దిగినా తక్కినవాళ్ళు వాడి ఏడు తరాలనీ తిడతారు. ముఠాలు సీజన్‌లో మిల్లు నుంచి మిల్లుకి తిరుగుతాయి కాబట్టి ఈ కట్టుబాటు పర్చూరు, ఇంకొల్లు దాకా అన్ని మిల్లుల్లోనూ ఉంది.

అంటే, ప్రాణం కాపాడుకోవడానికి వాళ్ళు వైరు పీకుతారు. పీకినప్పుడు చివరి ఆజ్ఞని మా డ్రైవర్ పట్టుకుని కూర్చుంటుంది. ఎక్కువసార్లు వాళ్ళు 'పైకి' నొక్కుతూ పీకుతారు కాబట్టి దిమ్మె పైకి వెళ్ళి హద్దు దగ్గర ఆగుతుంది, ఎవరికీ తెలియదు. దూది రాలడానికి కిందికి తట్టి పీకినప్పుడే అసలు సంగతి. ఆరోజు నేను చూసింది అదే. ఇన్నాళ్ళూ ఎవరూ పోకపోవడం మా తెలివి కాదు.

దిద్దుబాటు రాయడం పెద్ద పని కాలేదు. వైరు ఊడిన మరుక్షణం అన్నిటికంటే ముందు రెండు బటన్లూ సున్నా చేసి వాల్వు మూసేయాలి. మిగతా శుభ్రం ఆ తర్వాత. నూగు సమస్యకి మరతో బిగించే ప్లగ్గు, దానికి రబ్బరు తొడుగు. అంతే.

గుడ్డ పరవండి

ప్రభాకర్ గారు మొత్తం విన్నాడు. మధ్యలో ఆపలేదు. విన్నాక, సీజన్ మొదలైపోయింది, ఇప్పుడు ఇది మారిస్తే నూగు పట్టిన ప్రతి మిల్లులో ప్రెస్సు ఆగుతుంది, కొత్త ప్లగ్గులు తెప్పించి వేయడానికి సీజన్ అయిపోతుంది అన్నాడు. ప్రెస్సు మీద స్టిక్కరు వేద్దాం, నడుస్తుండగా వైరు తీయరాదు అని. పాత డ్రైవర్తోనే కొత్త యంత్రాలు పంపిద్దాం, నువ్వు సంతకం చెయ్యి అన్నాడు. కంపెనీలో డ్రైవర్ల పరీక్ష నాది, నా సంతకం లేకుండా యంత్రం గేటు దాటదు.

పీకడమే వాళ్ళకున్న రక్షణ, అది మానమని రాయడమంటే దిగి చావమని రాయడమే అన్నాను. గోడ మీద ఎర్ర బటన్ ఉంది కదా, అది నొక్కితే అంతా ఆగుతుంది కదా అన్నాడు. పెట్టెలో ఉన్నవాడికి గోడ అందదు సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ నీకు ప్రతిదీ ప్రమాదంలాగే కనపడుతోందమ్మా సైదా."

"అవును సార్. ఈ పనికి జీతం ఇచ్చేది భయపడటానికే."

ఆ మాట నేను ముందు అనుకుని అన్నది కాదు. కానీ ఇప్పటికీ దానిలో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. నాకు భయాలెక్కువ. మా చిన్నవాడు బాజీకి జ్వరమొస్తే ధర్మామీటరు కిందపెట్టను. ఆ భయంతోనే వైరు ఊడే ప్రతి దారీ ముందే నడిచి చూశాను. భయం లేనివాళ్ళు రాసిన డ్రైవర్ ఎలా ఉంటుందో చిలకలూరిపేటలో చూశాను.

ఆఫీసు వెనక షెడ్డులో పరీక్షకి పెట్టుకున్న ప్రెస్సు ఒకటి ఉంది. ఆయన్ని అక్కడికి రమ్మన్నాను. వచ్చాడు. వెల్డింగ్ చేసేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. మా కొత్త ఇంజనీరు అనూష గుమ్మంలో నిలబడింది. నేను పాత డ్రైవర్ ఎక్కించి, బేలు గుడ్డ ఒకటి ఆయన చేతికిచ్చి, హ్యాండ్‌సెట్ నేను పట్టుకున్నాను.

"మీరు దిగి గుడ్డ పరవండి సార్. నేను కిందికి ఒక తట్టు తట్టి, వైరు పీకుతాను."

గుడ్డ పట్టుకుని పెట్టె దాకా నడిచాడు. అంచు మీద చెయ్యి వేశాడు. పైకి దిమ్మె వైపు చూశాడు. చెవితో రోగం చెప్పగల మనిషి అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గుడ్డని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండా యంత్రాలు పోనీ, సీజన్ అయ్యాక చూద్దాం అని వెళ్ళిపోయాడు.

దిగలేదు. అయినా పంపుతానన్నాడు. నాకు కోపం తెప్పించింది మొదటిది కాదు, రెండోది.

ఫోన్లు

సంతకం చేయనన్నాను. అయితే అనూష చేస్తుందన్నాడు. అనూషది చీరాల. ఇంట్లో మొదటి ఉద్యోగం. అక్కా, నేనేం చెయ్యను అని వచ్చింది. నాకోసం ఏమీ చెయ్యకు, కోడ్ చదివి నీకేమనిపిస్తే అది చెయ్యమన్నాను. ఆ పిల్ల నా కంటే తెలివైంది. సంతకం చేయననలేదు. చదవడం మొదలుపెట్టింది. ఆయన ఎప్పుడడిగినా, ఇంకా చదువుతున్నానండి, నేను కొత్త కదండీ, నాకు త్వరగా అర్థం కాదండీ అనేది. యంత్రాలు గేటు లోపలే ఉండిపోయాయి.

కానీ అప్పటికే బయట మిల్లుల్లో ఉన్న ప్రెస్సుల సంగతి? ఏసోబు రేపు మళ్ళీ దిమ్మెకి దూది అంటుకుంటే తట్టి పీకుతాడు. మిల్లులకి నేనే చెబుతానన్నాను ప్రభాకర్ గారితో. కస్టమర్లకి ఫోన్ చేస్తే మళ్ళీ ఆఫీసుకి రావద్దన్నాడు. ఇంటికొచ్చి ఖాసింకి చెప్పాను. ఆయన, ముందు చిలకలూరిపేట మిల్లుకి చెయ్యి అన్నాడు. అంతకు మించి మా ఇంట్లో చర్చ జరగలేదు.

ఒక్కొక్క మిల్లుకీ చేశాను. చెప్పింది ఒకటే. వైరు పీకే ముందు గోడ మీది ఎర్ర బటన్ కొట్టండి, తర్వాత పీకండి, తర్వాత దిగండి. డ్రైవర్ మార్చమని మా కంపెనీని అడగండి. ఒక మేనేజరు, మీ సరుకు బాగాలేదని మీరే చెబుతారేందమ్మా, ఇంకో కంపెనీలో చేరావా అన్నాడు. ఒకాయన నా మాట పూర్తికాకుండానే పెట్టేశాడు. ఆయనకి మళ్ళీ చేశాను. మళ్ళీ పెట్టేస్తే మళ్ళీ చేశాను. విన్నాడు.

పేట మిల్లు మేనేజరు ఎత్తలేదు. ఏసోబు నంబరు అడిగి పట్టుకుని ఆయనకే చేశాను. ముఠా అంతా టీ తాగుతున్నారట, అందరికీ వినపడేలా పెట్టాడు. నేను చెప్పింది విని, వెనక ఎవరో గొణిగాడు, మెడలో వేసుకోవద్దంటందిరా అని.

"వేసుకోండి," అన్నాను. "అది మానొద్దు. ఎవరు చెప్పినా మానొద్దు. ముందు ఎర్ర బటన్, అంతే."

తర్వాత ఏసోబు, ఇది చెప్పినందుకు మీ సారు నిన్నేమీ అనలేదా అని అడిగాడు. అన్నాడని చెప్పాను.

"ఉద్యోగం పోతే చెప్పమ్మా, ప్రెస్సు మీద పెట్టిస్తా. దిగేటప్పుడు మాత్రం మెడలో అది ఉండాలి."

ముఠా అంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేసి తర్వాతి మిల్లు నంబరు నొక్కాను.

తర్వాతి సంగతి

నన్ను తీసేశామని ఎవరూ చెప్పలేదు. రమ్మని ఎవరూ పిలవలేదు. నేను వెళ్ళలేదు. మిల్లులవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కంపెనీకి ఫోన్ చేసి డ్రైవర్ ఎప్పుడు మారుస్తారని అడగడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఆఫీసు ఎలా ఉండేదో అనూష చెబితే విన్నాను. చివరికి నా దిద్దుబాటే వెళ్ళింది, సీజన్ మధ్యలో. మర ప్లగ్గులూ వెళ్ళాయి. అనూషే మిల్లు మిల్లుకీ తిరిగి వేసింది, కోడ్ చదవడం పూర్తయిందట. కొన్ని మిల్లుల్లో నూగు పట్టి ప్రెస్సు ఆగింది, తిట్లు తిన్నారు. తినాలి. ఆగిన ప్రెస్సుని మళ్ళీ నడపొచ్చు.

ప్రభాకర్ గారు నాతో మాట్లాడరు. నేనూ మాట్లాడను. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన బల్ల మీద రోజూ ఫోన్లు మోగేవి, ప్రెస్సు ఆగిందని అరిచేవాళ్ళ గొంతులు వినపడేవి. పెట్టెలో ఉన్నవాడు ఫోన్ చేయడు. అందుకని ఆ గొంతు లెక్కలోకి రాలేదు. మీరు ఈ పనిలోకి వెళ్ళాక మీ బల్ల మీద కూడా అరిచేవాళ్ళ గొంతులే వినపడతాయి. అరవనివాళ్ళ సంగతి మీరు వెళ్ళి చూడాలి. వాళ్ళు పనిచేసే చోట కుర్చీ వేసుకుని కూర్చుని, వాళ్ళు ఎలా పీకుతారో చూడాలి. వాళ్ళకి సరిగ్గా పీకడం నేర్పాలనుకోవద్దు. వాళ్ళు ఎలా పీకినా బతికేలా రాయండి. అలా రాయనివ్వకపోతే సంతకం చేయకండి. సంతకం చేయకపోతే ఏమవుతుందని అడుగుతారేమో. నాకైనట్టు అవుతుంది. చూస్తున్నారుగా, బాగానే ఉన్నాను.

ఇంకో కంపెనీలో చేరలేదేమని కూడా అడుగుతారు. పిలిచారు. పిలిచిన ప్రతివాళ్ళనీ, మీ దగ్గర పరీక్ష చేసేవాళ్ళు వద్దంటే యంత్రం ఆగుతుందా అని అడిగాను. అందరూ, అది పరిస్థితిని బట్టి ఉంటుందన్నారు. పరిస్థితిని నేను చూశాను. ఈ పని తెలిసినవాళ్ళని క్లాసుకి కొంతమంది చొప్పున తయారుచేసి వాళ్ళ మీదికి వదలడం మేలనిపించింది.

ఫోన్లు చేసిన మర్నాడు పొద్దున సంగతి చెప్పి ముగిస్తాను. రేష్మకి జడ వేస్తున్నాను. ఖాసిం డ్యూటీకి వెళ్ళిపోయాడు. బాజీ ఇడ్లీ గిన్నె ముందు కూర్చుని తినకుండా ఆడుతున్నాడు. నేను రోజూ ఆ వేళకి తయారై ఉండాలి, ఆ రోజు నైటీలోనే ఉన్నాను. రేష్మ అద్దంలోంచి నన్ను చూస్తూ, ఇవాళ ఆఫీసు లేదా అని అడిగింది. లేదన్నాను. రేపు? రేపు కూడా లేదన్నాను. నిన్ను మానిపించేశారా అంది. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ మాట ఎక్కడ దొరికిందో.

అబద్ధం చెబుదామనుకున్నాను. జడ చివర రబ్బరు బ్యాండు వేసి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"పేట దగ్గర మిల్లులో ఒక ఆయన ఉన్నాడు. ఇవాళ ఆయన పెట్టెలోకి దిగుతాడు, పని చేసుకుంటాడు, పైకి వస్తాడు. సాయంత్రం తన కాళ్ళ మీద నడుచుకుంటూ ఇంటికి పోతాడు. అందుకని అమ్మ ఇంట్లో ఉంది."

బాజీ ఆలోచించాడు.

"ఆయన మనకేమవుతాడు?"

"ఏమీ కాడు," అన్నాను. "ఇడ్లీ తిను. బస్సు వచ్చే వేళయింది."